గుట్ట మీద మోడల్ టి డెమో ఇవ్వాలంటే

1928లో కట్టిన బ్యూనోస్ ఐరిస్ క్రైస్లర్ భవనానికి పైకప్పు మీదే కార్లు నడిపి చూసే ట్రాక్ ఉండేది. అంత హంగు లేని డీలరుకు ఊళ్ళో నిటారు గుట్టే ట్రాక్. ఫోర్డ్ మోడల్ టి అనే పాతకాలపు కారుతో ఆ గుట్ట ఎక్కించే ప్రదర్శన ఇప్పుడు చేసి చూపాలంటే అసలు పని స్టార్టింగులోనే.

హ్యాండ్ బ్రేక్ పూర్తిగా వెనక్కి లాగండి. న్యూట్రల్ కూడా దాంతోనే పడుతుంది. స్టీరింగ్ కింద ఎడమ మీట స్పార్క్‌ది, అంటే స్పార్క్ ముందు పడాలో ఆలస్యంగా పడాలో మార్చేది. దాన్ని పూర్తిగా పైకి నెట్టాలి. కుడి మీట థ్రాటిల్ (యాక్సిలరేటర్ పని దీనిదే), కొంచెం కిందికి. ఇగ్నిషన్ ఆపే ఉంచి, రేడియేటర్ దగ్గరి చోక్ తీగ లాగుతూ బండి ముందున్న స్టార్టింగ్ హ్యాండిల్ రెండు మూడుసార్లు తిప్పండి. ఆ తర్వాత స్విచ్ వేసి, ఎడమ చేత్తో కింది నుంచి పైకి ఒక్క గుంజు. బొటనవేలు మిగతా వేళ్ళ పక్కనే ఉండాలి. స్పార్క్ ముందే పడితే ఇంజిన్ ఎదురుతన్ని మణికట్టు విరుగుతుంది. అందుకైనా స్పార్క్ మీట రెండోసారి చూసుకోండి. అంటుకోగానే కిందికి దించేయండి.

పెడల్స్ మూడు: ఎడమది క్లచ్, నడిమిది రివర్స్, కుడిది బ్రేకు. ఈనాటి డ్రైవర్లు కుడిదాన్ని యాక్సిలరేటర్ అనుకుని తొక్కేస్తారు. ఎడమది పూర్తిగా తొక్కితే లో గేరు, సగం వదిలితే న్యూట్రల్.

చాలా మోడల్ టిల్లో ట్యాంకు సీటు కింద ఉంటుంది, పంపు లేదు, పెట్రోలు దానంతటదే కిందికి జారాలి. పెట్రోలు తక్కువుంటే ఎక్కుడులో కార్బురేటర్‌కు అందక బండి ఆగిపోతుంది. అప్పుడు వెనక్కి తిప్పి రివర్స్‌లో ఎక్కించండి. రివర్స్ నిష్పత్తి 4:1, లో గేరుది 2.75:1, లాగే బలమూ రివర్స్‌కే ఎక్కువ.