మనసు కారణంగా హఠాత్తుగా చూపు పోతే: పరీక్ష, చికిత్స

ఉన్నట్టుండి చూపు పోతే, కారణం ఏదనిపించినా, అదే రోజు ఎమర్జెన్సీకి వెళ్ళాలి. ఇంట్లో గొడవైంది కదా, అందుకే అయ్యుంటుందని ఆగితే ప్రమాదం. రెటీనా ధమని మూసుకుపోయినా, రెటీనా ఊడినా, పక్షవాతం వచ్చినా నొప్పి లేకుండానే చూపు పోతుంది. యాభై దాటినవారికి కణతల్లో నొప్పి, నమిలితే దవడ నొప్పి ఉంటే మరీ తొందరపడాలి. అది ధమనుల వాపైతే రెండో కన్నూ పోవచ్చు.

రిపోర్టులన్నీ మామూలుగా ఉన్నాయి కాబట్టి మానసికమే అని తేల్చడం డాక్టర్లూ చేసే పొరపాటు. కంటి వెనక నరం వాచినప్పుడు మొదట్లో లోపల ఏ తేడా కనిపించదు. అందుకే కన్ను చూస్తోందనడానికి నేరుగా ఆధారం దొరకాలి. ఒక కంటికే చూపు బాగా తగ్గితే టార్చిని ఒక కంటి నుంచి మరో కంటికి మార్చి మార్చి వేస్తారు. నరం దెబ్బతిన్న కంటి మీదికి వెలుగు రాగానే కనుపాపలు పెద్దవవుతాయి. రెండు కళ్ళూ కనిపించవంటే ఈ పరీక్ష చాలదు, మెదడు వెనక భాగం దెబ్బతిన్నా పాపలు మామూలుగానే ముడుచుకుంటాయి. అప్పుడు ముఖం ముందు పెద్ద అద్దం పెట్టి మెల్లగా వంచుతారు. చూపుంటే కళ్ళు ప్రతిబింబం వెంట కదులుతాయి. ఎంఆర్ఐ ఎలాగూ తీయాలి.

అద్దం పరీక్ష ఎంతో కొంత చూపుందని మాత్రమే చెబుతుంది. ఒక కంటికే తగ్గిందంటే, ఎంతుందో తెలియడానికి రెండు కళ్ళూ తెరిపించి, బాగున్న కన్ను మసకబారేలా దాని ముందు ఎక్కువ పవరు ప్లస్ లెన్సు పెట్టి చార్టు చదివించాలి. చదివిన వరుస రెండో కంటిదే. పక్కచూపు పోయిందంటే 1 మీటరు దూరంలో కొలిచి, చూపించే గుర్తు సైజును రెట్టింపు చేసి 2 మీటర్ల దూరంలో మళ్ళీ కొలవాలి. కనిపించే వెడల్పు కూడా రెట్టింపవాలి. గొట్టంలా అంతే ఉంటే కంటి జబ్బుతో అది కుదరదు.

చికిత్స ఈ పరీక్షలతోనే మొదలవుతుంది. ఫలితాలు రోగికి చూపించి ఇలా చెప్పాలి: “మీకు నిజంగానే కనిపించడం లేదు, మీరు నటించడం లేదు. కన్ను, నరం బాగున్నాయి. మెదడు ఆ చూపును వాడుకోవడంలో తడబడుతోంది. ఇది తగ్గే అవకాశం ఉంది.” పిల్లల్లో చాలామందికి ఈ భరోసాతోనే వారాల్లోనో నెలల్లోనో తగ్గుతుంది. వాళ్ళతో ఒంటరిగా మాట్లాడి బడిలో వేధింపులు, లైంగిక హింస ఉన్నాయేమో అడగాలి. పెద్దవాళ్ళకు కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చుకునేందుకు మాటలతో చేసే చికిత్స) మేలు. దిగులు, ఆందోళన ఉంటేనే మందులు. పవరు లేని కళ్ళజోడు ఇచ్చి ఇదే మందని నమ్మించడం మాకు నచ్చదు. అబద్ధం బయటపడితే డాక్టరు మీద నమ్మకం పోతుంది.

ఇంట్లోవాళ్ళు “ఇవెన్ని వేళ్ళు?” అని పరీక్షలు పెట్టకూడదు, దొంగచాటుగా గమనించి నిలదీయకూడదు. అన్ని పనులూ చేసిపెట్టకుండా బడికీ ఉద్యోగానికీ కొద్దికొద్దిగా పంపాలి. చూపు తిరిగొచ్చేదాకా వాహనం మాత్రం వద్దు. కొన్ని వారాలకోసారి కన్ను మళ్ళీ చూపించాలి. కొత్తగా నొప్పి, తిమ్మిరి, మాట తడబాటు వస్తే పాత నిర్ధారణను పక్కనపెట్టి మొదటినుంచీ పరీక్షించాలి.