అలాస్కా మంచులో ఫ్యాట్ బైక్ యాత్ర: సమస్య - పరిష్కారం

ఫెయిర్‌బ్యాంక్స్‌కు ఉత్తరాన, ఎలియట్ హైవే 28వ మైలు దగ్గర వికర్‌షామ్ డోమ్ పార్కింగ్ ఉంది. వైట్ మౌంటెన్స్‌లోకి వెళ్లే మంచుబాట ఒకటి అక్కడే మొదలవుతుంది. స్నోమొబైళ్లు (మంచు మీద నడిచే మోటారు బళ్లు) తొక్కి గట్టిచేసిన బాట, దారి పొడవునా ముందుగా బుక్ చేసుకునే ప్రభుత్వ క్యాబిన్లు, ఒక్కో దాంట్లో కట్టెల పొయ్యి. ఫ్యాట్ బైక్ మీద, అంటే బాగా లావు టైర్లున్న సైకిల్ మీద, మొదటిసారి రెండు మూడు రాత్రుల ట్రిప్ వేసేవాళ్లకు ఇదే మంచి చోటని నా అభిప్రాయం. అయితే అక్కడ బండి మొరాయించిందంటే, తప్పు చాలాసార్లు రెండు రోజుల ముందే ఇంట్లో జరిగిపోయి ఉంటుంది. అందుకే ఒక్కో సమస్యనూ ఇంటిదాకా వెనక్కి తీసుకెళ్లి చూస్తున్నాను.

ఇంట్లో సరిగ్గా పెట్టిన గాలి, బాట మీదకొచ్చేసరికి లేదు

టైరు పంక్చర్ అయిందని టెన్షన్ పడకండి. గేజి చూపించేది బయటి గాలి ఒత్తిడికి పైన ఉన్న భాగాన్ని మాత్రమే. గేజి 6 పీఎస్ఐ అంటే టైరు లోపల ఉన్నది దాదాపు 20.7. ఇరవై డిగ్రీల గదిలోంచి మైనస్ 30లోకి తెస్తే అందులో ఆరో వంతు పోయి 17 దగ్గర ఆగుతుంది. బయటి గాలి వాటా 14.7 తీసేయండి, గేజి మీద మిగిలేది రెండున్నర. కారు టైరులో ఈ తేడా పెద్దగా పట్టించుకోం. ఫ్యాట్ బైక్‌లో మాత్రం సగం గాలి పోయినట్టే.

పరిష్కారం సులువు. బండిని ముందురోజు రాత్రి బయటే పెట్టి, పొద్దున ఆ చలిలోనే గాలి సరిచేయాలి. గట్టి బాటకు 6 నుంచి 8, మెత్తటి మంచుకు 3 నుంచి 4, మరీ పిండిలా ఉంటే 2. అంకెల కన్నా వెనక పడిన చార చూడటం మేలు. అంగుళం కన్నా లోతుగా దిగుతుంటే ఇంకొంచెం గాలి తీసేయండి. అయినా దిగుతుంటే దిగి నడవండి, మీ వెనక వచ్చేవాళ్ల కోసం బాట మిగులుతుంది.

నిజంగానే పంక్చరైతే ప్యాచ్ వేసే ప్రయత్నం వద్దు, ఆ చలిలో జిగురు పట్టదు. కొత్త ట్యూబు వేయడమే. టైరు అంచు చెక్కలా బిగుసుకుంటుంది కాబట్టి టైరు విప్పే ప్లాస్టిక్ లివర్లు పుటుక్కున విరుగుతాయి. గట్టివి పెట్టుకోండి, ఇంటి పెరట్లో చలిలో ఒక్కసారైనా టైరు విప్పి చూడండి.

పెడల్ తిరుగుతోంది, బండి కదలడం లేదు

ఇది నాకే జరిగింది. మొదటి ట్రిప్‌లో, బండి కూడా కాస్త వెచ్చబడుతుందిలే అని రాత్రి క్యాబిన్లోకి తోసుకెళ్లి పొయ్యి పక్కన నిలబెట్టాను. పళ్లచక్రానికి పట్టిన మంచు కరిగి బొట్లుబొట్లుగా కారుతుంటే, శుభ్రమవుతోందని సంతోషించాను కూడా. తెల్లారి బయటికి తెచ్చాక అరగంట బాగానే నడిచింది. ఆ తర్వాత పెడల్ గిర్రున తిరిగింది, చక్రం కదల్లేదు.

వెనక చక్రం నడిమధ్య ఉండే హబ్‌లో పాల్స్ అనే చిన్న కొక్కేలుంటాయి. స్ప్రింగు నెట్టినప్పుడు అవి లేచి పళ్లలో పడితేనే తొక్కిన బలం చక్రానికి చేరుతుంది. కరిగిన నీళ్లు లోపలికి చేరి మళ్లీ గడ్డకడితే ఆ కొక్కేలు పడుకున్నచోటే ఉండిపోతాయి. నీళ్లు చేరకపోయినా, షాపులో వేసిన మామూలు గ్రీజు చలికి జిగురులా మారి అదే పని చేస్తుంది. చెవికి ముందే తెలుస్తుంది: తొక్కడం ఆపినప్పుడు వచ్చే టిక్ టిక్ చప్పుడు మెల్లగా తగ్గి, పూర్తిగా ఆగిపోతుంది. ఆ నిశ్శబ్దం వినగానే ఆగండి.

ఇంట్లో చేయాల్సింది: హబ్ విప్పించి, పాత గ్రీజు పూర్తిగా కడిగించి, అతిచలికి పనికొచ్చే పలచటి ఆయిల్ వేయించడం. బాట మీద చేయాల్సింది: హ్యాండ్ వార్మర్ ప్యాకెట్లు హబ్ చుట్టూ పెట్టి గుడ్డ చుట్టి ఆగడం. వేడినీళ్లు మాత్రం పోయొద్దు, పది నిమిషాల్లో అవీ ఐసే. ఏదీ పనిచేయకపోతే పెద్ద పళ్లచక్రాన్ని చువ్వలకు ఐదారు చోట్ల జిప్ టైలతో గట్టిగా కట్టేయండి. బండి నడుస్తుంది, కానీ ఇక పెడల్ ఆపకూడదు, ఆపితే చైన్ వెనక్కి లాగి, గేర్లు మార్చే డిరైలర్‌ను విరిచేస్తుంది. పల్లం వస్తే దిగి నడిపించుకోవాలి. ఆరోజు నేను చేసింది అదే, వేళ్లు గ్లవుజులోంచి తీసిన ప్రతిసారీ ఒక్క టై మాత్రమే బిగించగలిగాను.

ఇక మీదట బండి క్యాబిన్ బయటే. లోపలికి రావాల్సినవి బ్యాటరీలు, నీళ్ల సీసాలు, బూట్లు.

చీకటి పడింది, క్యాబిన్ ఇంకా చాలా దూరంలో ఉంది

కారణం ఫోన్‌లో వేసుకున్న లెక్క. గట్టి బాట మీద గంటకు పది కిలోమీటర్లు వెళ్లే మనిషే, రాత్రి మంచు కురిస్తే నాలుగు కిలోమీటర్లు నెట్టుకుంటూ పోతాడు. పార్కింగ్ నుంచి లీస్ క్యాబిన్‌కు సుమారు 11 కిలోమీటర్లు. బీవర్ క్రీక్ దగ్గరున్న బొరియాలిస్ క్యాబిన్‌కు 30 పైనే. మొదటి రాత్రి లీస్ చాలు, ఇందులో నామోషీ ఏమీ లేదు. ఇంకొకటి, డిసెంబర్ చివర్లో ఫెయిర్‌బ్యాంక్స్‌లో పగలు నాలుగు గంటలు కూడా ఉండదు. మార్చి మధ్యకు పన్నెండు గంటలొస్తుంది. ట్రిప్ మార్చిలో పెట్టుకోండి.

కాళ్లు మొద్దుబారాయి

చాలామంది ఇంకో జత సాక్సులు వేస్తారు. బూటు బిగుతై రక్తం ఆడక ఇంకా చల్లబడతాయి. బూటు ఒకటి రెండు సైజులు పెద్దది ఉండాలి. రెండో కారణం చెమట. పలచటి సాక్సు, దాని మీద బ్రెడ్ ప్యాకెట్ లాంటి ప్లాస్టిక్ సంచి, ఆ పైన మందపాటి ఉన్ని సాక్సు వేసుకుంటే చెమట ఉన్నిలోకి దిగదు. చూడ్డానికి బాగోదు, పనిచేస్తుంది. మూడోది పెడల్‌కు క్లిప్ అయ్యే బూటు. దాని అడుగున ఉన్న లోహం వేడిని లాగేస్తుంది, మామూలు ఫ్లాట్ పెడల్ పెట్టించుకోండి.

ఒంటి చెమటకూ ఇదే లెక్క. ఎత్తు ఎక్కబోయే ముందే జాకెట్ విప్పాలి, తడిశాక కాదు. బయల్దేరేటప్పుడు కాస్త వణుకు ఉంటే బట్టలు సరిపోయినట్టే. మొద్దుబారితే దిగి పది నిమిషాలు బండి నెట్టుకుంటూ నడవండి. వేళ్లు మైనంలా తెల్లబడితే రుద్దకండి, మంచుతో అసలే వద్దు. తోటివాళ్ల పొట్టకు ఆనించి వెచ్చబెట్టండి. పూర్తిగా గడ్డకట్టి ఉంటే మాత్రం, మళ్లీ చలిలోకి వెళ్లే అవసరం లేని చోటికి చేరేదాకా కరిగించకూడదు. కరిగి మళ్లీ గడ్డకడితే నష్టం రెట్టింపు.

మంచు కింద నీళ్లు తగిలాయి

మైనస్ 30లో నీళ్లెక్కడివి అనిపిస్తుంది. వాగు అడుగుదాకా గడ్డకడుతున్నకొద్దీ కింద పారే నీటికి దారి ఇరుకై, పైకి పగిలి ఐసు మీద పరుచుకుంటుంది. దాని మీద కురిసిన మంచు దుప్పటిలా కప్పేసి చలి తగలనివ్వదు. ఇక్కడ దీన్ని ఓవర్‌ఫ్లో అంటారు. బూడిదరంగు మచ్చ, లేదా తేమగా కుంగిన మంచు కనిపిస్తే దిగండి. మోకాలిదాకా వచ్చే పలచటి వాటర్‌ప్రూఫ్ తొడుగులు సంచిలో పైనే ఉండాలి, అడుగున కాదు. తడిస్తే వెంటనే ఆ కాలిని పొడి మంచులో దొర్లించండి, పిండిలా తడిని పీల్చేస్తుంది.

స్టవ్ వెలగదు, నీళ్లు గడ్డ, తిండి రాయి

గ్యాస్ డబ్బాలోని బ్యూటేన్ సున్నా దగ్గరే ఆవిరవడం మానేస్తుంది. ద్రవ ఇంధనంతో నడిచే వైట్ గ్యాస్ స్టవ్ తీసుకెళ్లండి, ఆ ఇంధనం చేతి మీద ఒలకకుండా చూసుకోండి, చర్మం అక్కడికక్కడే గడ్డకడుతుంది. మంచు కరిగించేటప్పుడు గిన్నె అడుగున కొన్ని నీళ్లుండాలి, లేదంటే మాడు వాసన. సీసాను తలకిందులుగా పెట్టండి, ఐసు అడుగున కట్టి మూత తెరుచుకుంటుంది.

ఎనర్జీ బార్లు మైనస్ 25లో పళ్లు విరగ్గొడతాయి. తేమ లేనివి అలా మారవు. జంతికలు, చేగోడీలు, వేయించిన వేరుశెనగలు అక్కడా కరకరలాడతాయి. సున్నుండ నేతి వల్ల బిగుసుకుంటుంది, కాబట్టి గోలీ సైజులో చుట్టి లోపలి జేబులో వేసుకోవాలి.

బాట మీద మూస్ నిలబడి ఉంది

గుర్రమంత ఎత్తున్న దుప్పి. పక్కన లోతు మంచులో నడవడం దానికీ కష్టమే, అందుకే గట్టి బాట వదలదు. బెల్లు కొట్టకండి, అరవకండి. చెవులు వెనక్కి వంచి మెడ మీది జుట్టు నిక్కబొడిస్తే బండి అక్కడే వదిలి చెట్టు చాటుకు వెళ్లండి. లేకపోతే వెనక్కి తగ్గి, జాకెట్ వేసుకుని, జంతికలు తీసి నిలబడండి. అది వెళ్లేదాకా మీరు వెళ్లరు.