వారం రోజుల సైక్లింగ్ శిక్షణలో తినవలసిన వేళ
తిరుపతి నుంచి చంద్రగిరి, శ్రీకాళహస్తి దారుల్లో వారం పాటు జట్టుగా రోడ్డు సైక్లింగ్ శిక్షణ పొందేవారు ఆకలి వేసేదాకా ఆగకుండా, బయలుదేరిన అరగంట నుంచే కొద్దికొద్దిగా తింటూ ఉండాలి. దూరపు సవారీలో గంటకు 30 నుంచి 60 గ్రాముల పిండిపదార్థం అవసరం. ఒక మోస్తరు అరటిపండులో సుమారు 25 గ్రాములు ఉంటుంది కనుక, గంటకు రెండు పండ్ల లెక్కన జెర్సీ వెనుక జేబులో పెట్టుకుంటే సరిపోతుంది. మొదటి రెండు రోజులు ఉత్సాహంలో లోటు తెలియదు గాని, కండరాలలోని గ్లైకోజెన్ (శక్తి కోసం కండరాలు దాచుకునే పిండిపదార్థపు నిల్వ) ఏ రాత్రికారాత్రి పూర్తిగా నిండకపోతే వారం మధ్యకు వచ్చేసరికి కాళ్లు మొరాయిస్తాయి. అందుచేత సైకిల్ దిగిన వెంటనే ఇడ్లీ గాని, పప్పన్నం గాని తినడం తప్పనిసరి అని నా గట్టి అభిప్రాయం. వేరుశనగ ఉండలు మన ప్రాంతంలో సులభంగా దొరుకుతాయి గాని, వాటిలోని కొవ్వు నెమ్మదిగా అరుగుతుంది కనుక వాటిని సవారీ ముగిశాకే తినండి.