చేతి అక్రోట్లు కొనే ముందు: కడిగినవా, కడగనివా?

బీజింగ్‌లో పెద్దలు అరచేతిలో జతగా తిప్పుకునే అక్రోట్లు తినడానికి కావు. వాటి పెంకు మందం, గాడులు లోతు. ఏళ్లపాటు తిప్పితే ఎర్రబారి నిగనిగలాడతాయి. అందుకే కొనే రోజే కళ్లు పెద్దవి చేసుకుని చూడాలి.

• పచ్చి తొక్కతో అమ్మేవాటి జోలికి మొదటిసారే పోకండి. తొక్క తీసేదాకా జత కుదిరిందో లేదో తెలియదు. అక్కడివారే దాన్ని జూదమంటారు. ఒలిచి చూడాలనుకుంటే చేతి తొడుగులు తప్పనిసరి. ఆ రసం అంటితే వేళ్ల నలుపు రోజుల తరబడి వదలదు.

• తొక్క తీసినా కడగనివాటిలో గాడుల్లో ఎండిన ముక్కలు పగుళ్లను, పురుగు రంధ్రాలను దాచేస్తాయి. మొన, అడుగు, రెండు చిప్పలు కలిసే అతుకు గీత: ఈ మూడూ కనిపించకపోతే డబ్బు ఇవ్వవద్దు.

• కడిగినవి అతి తెల్లగా ఉంటే రసాయనంతో తెల్లబరిచారేమోనని అనుమానించండి. సహజమైన రంగు లేత పసుపు. ముక్కు దగ్గర పెట్టుకుని ఘాటైన రసాయనం వాసన వస్తుందేమో చూడండి. వెలుతురులో తిప్పితే, పగులు దాచడానికి జిగురు పూసిన చోటు వేరుగా మెరుస్తుంది.

• జత సైజు కుదిరిందో లేదో తెలియాలంటే, జతలోని రెండు అక్రోట్లనూ కాలిపర్‌తో (మందం కొలిచే పరికరం) మిల్లీమీటర్లలో కొలవండి.

• ఇంట్లో శుభ్రం చేయాలంటే నానబెట్టవద్దు, ఆమ్లం వాడవద్దు. గట్టి బ్రష్షుతో రుద్ది, వెంటనే తుడిచి, నీడలో ఆరనివ్వండి. ఎండ, ఫ్యాను గాలి తగిలితే పెంకు పగలవచ్చు. ఎంత అందమైన జతైనా పగిలాక జత కాదు!

మొదటి జతకు నా ఓటు కడిగిన అక్రోట్లకే.