ఓపెనింగ్ సీన్‌లో టెన్షన్ పుట్టాలంటే కెమెరా ఎక్కడ పెట్టాలి?

మన షార్ట్ ఫిల్ములు చాలావాటిలో మొదటి నిమిషం ఒకేలా ఉంటుంది. ఊరి మీద ఒక డ్రోన్ షాట్, మోగే అలారం, దుప్పటి తీసి లేచే హీరో, బ్రష్, కాఫీ. ఎనిమిదో నిమిషంలో ప్రాణం పెట్టి తీసిన మంచి సీన్ ఒకటి ఉంటుంది. కానీ చూసేవాళ్లు అప్పటిదాకా ఆగరు, ఎప్పుడో వేరే వీడియోకి వెళ్లిపోయి ఉంటారు. అంత కష్టపడి తీసిన సీన్ ఎవరి కంటా పడకుండా పోతుంటే బాధేస్తుంది.

మొదటి నిమిషంలోనే చూసేవాళ్లను కూర్చోబెట్టడానికి పెద్ద కెమెరా అక్కర్లేదు, చేతిలో ఉన్న ఫోన్ చాలు. ఎలాగో ఒక చిన్న సీన్ తీస్తూ చూద్దాం.

సీన్ ఇది. చీకటి పడే వేళ, రెండు గదుల ఇల్లు. మంచం మీద ఒక చివర మూడేళ్ల పాప నిద్రపోతోంది. రెండో చివర దుప్పటి మడిచి పరిచి, దాని మీద తల్లి ఇస్త్రీ చేస్తోంది. కరెంటు పోయింది. ఫ్యాన్ నెమ్మదించి ఆగింది. ఆమె ఇస్త్రీ పెట్టెను చొక్కా మీద అలాగే వదిలేసి చెమట తుడుచుకుంటోంది. ఇంతలో వీధిలోంచి కేక: "వదినా, ట్యాంకర్ వచ్చింది, బిందెలు పట్టుకురా!" ఆమె గబగబా బిందెలు తీసుకుని, పాప లేచి బయటికి రాకుండా తలుపుకు బయట గొళ్ళెం పెట్టి వెళ్లిపోయింది. స్విచ్ మాత్రం ఆన్‌లోనే ఉంది.

కరెంటు ఏ క్షణంలోనైనా రావచ్చు.

1. ఎవరికి ఏం తెలుసో ముందు రాసుకోండి

కెమెరా తీసేముందు కాగితం మీద రెండు వరుసలు గీయండి. ఒకదాంట్లో తల్లికి తెలిసినవి, రెండోదాంట్లో చూసేవాళ్లకు తెలిసినవి రాయండి. స్విచ్ ఆన్‌లో ఉందన్న సంగతి తల్లి వరుసలో ఉండదు, చూసేవాళ్ల వరుసలో ఉంటుంది. టెన్షన్ అంతా ఆ ఒక్క తేడాలోంచే వస్తుంది. ఇద్దరికీ తెలియకపోతే చివర్లో పొగ కనిపించినప్పుడు ఒక్కసారి ఉలిక్కిపడతారు, అంతే. చూసేవాళ్లకు ముందే తెలిస్తే, ఆమె బిందె కడుక్కోవడం కూడా వాళ్లకు భరించలేనంత ఆలస్యంగా అనిపిస్తుంది.

దీన్ని నేర్చుకోవడానికి నాకు తెలిసినంతలో ఆర్సన్ వెల్స్ తీసిన 'టచ్ ఆఫ్ ఈవిల్' (1958) మొదటి షాట్‌ను మించిన పాఠం లేదు. ఛాయాగ్రహణం రసెల్ మెట్టీ. కథ జరిగేది మెక్సికో సరిహద్దులోని ఊళ్లో, తీసింది మాత్రం లాస్ ఏంజెలిస్‌లోని వెనిస్ వీధుల్లో. సినిమా మొదలవగానే తెర మీద రెండు చేతులు, వాటిలో ఒక బాంబు. వేళ్లు టైమర్ తిప్పుతాయి. ఆ మనిషి పరిగెత్తుకెళ్లి ఆగి ఉన్న కారు డిక్కీలో దాన్ని పెట్టి మాయమవుతాడు. వెంటనే ఒక పెద్దాయన, ఒక యువతి వచ్చి ఆ కారే ఎక్కుతారు. కెమెరా క్రేన్ మీద పైకి లేచి, ఇళ్ల కప్పుల మీదుగా వెళ్లి, వీధిలో మళ్లీ ఆ కారును అందుకుంటుంది.

అక్కడే కొత్తగా పెళ్లయిన జంట ఒకటి నడుస్తూ ఫ్రేమ్‌లోకి వస్తుంది. కారు వాళ్లను దాటుతుంది. మేకల మంద అడ్డం వచ్చి కారు ఆగుతుంది, జంట కారును దాటుతుంది. సరిహద్దు చెక్‌పోస్ట్ దగ్గర కారూ జంటా పక్కపక్కనే నిలబడతాయి. నా తలలో ఏదో టిక్ టిక్‌మంటోందని కారులో అమ్మాయి చెబుతుంది, ఎవరూ పట్టించుకోరు. కారు ముందుకెళ్లి ఫ్రేమ్‌లోంచి పోతుంది. జంట ముద్దు పెట్టుకుంటుంది. అప్పుడు పేలుడు, అప్పుడే మొదటి కట్. అప్పటిదాకా దాదాపు 3 నిమిషాల 20 సెకన్లు ఒక్కటే షాట్.

ఈ షాట్ గురించి ఎవరు మాట్లాడినా క్రేన్ గురించే మాట్లాడతారు. నాకు అంతకంటే గొప్పగా అనిపించేది వేరే ఉంది. డిక్కీ మూసిన తర్వాత బాంబును మళ్లీ ఒక్కసారి కూడా చూపించలేదు. కారుకూ జంటకూ మధ్య దూరం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, అంతే. మన గుండె ఆ దూరాన్ని కొలుస్తూ కూర్చుంటుంది.

2. ప్రమాదాన్ని ఒక్కసారే, స్పష్టంగా చూపించండి

మన సీన్‌లో బాంబు ఇస్త్రీ పెట్టె. మొదటి షాట్ దాని క్లోజప్. పెట్టె చొక్కా మీద అటూ ఇటూ కదులుతోంది, దాని మీది చిన్న ఎర్ర లైటు వెలుగుతోంది. లైటు ఆరిపోతుంది. చెయ్యి ఆగుతుంది. పైన ఫ్యాన్ చప్పుడు మెల్లగా తగ్గుతుంది. చెయ్యి పెట్టెను వదిలి ఫ్రేమ్‌లోంచి తప్పుకుంటుంది. పెట్టె చొక్కా మీద బోర్లా ఉండిపోతుంది.

ఇప్పుడు కెమెరాను కదలనివ్వకండి. ట్యాంకర్ కేక, బిందెల చప్పుడు, తలుపు మూసిన చప్పుడు, గొళ్ళెం పడిన చప్పుడు అన్నీ ఈ షాట్ మీదే వినపడాలి. తల్లి వెంట వెళ్లాలని చెయ్యి లాగుతుంది, వెళ్లకండి. మనిషి వెళ్లిపోయాక కూడా కెమెరా ఒక వస్తువు దగ్గరే ఆగిపోతే, దీనితో ఏదో పని ఉందని చూసేవాళ్లకు మాట లేకుండానే అర్థమవుతుంది. గొళ్ళెం పడ్డాక మూడు సెకన్లు లెక్కపెట్టండి. తర్వాత కెమెరాను నెమ్మదిగా వైరు వెంట నడపండి. వైరు ఎక్కడికి పోతోంది? గోడ మీది స్విచ్ బోర్డుకు. స్విచ్ ఆన్‌లో ఉంది. అక్కడొక క్షణం ఆగి, అదే దారిలో వెనక్కి వచ్చి, పెట్టెను దాటి, మంచం రెండో చివర పాప పాదం మీద ఆపండి. ముఖం వద్దు, పాదం చాలు. నిద్రలో బొటనవేలు ఒకసారి కదిలితే ఇంకా మంచిది.

ఈ షాట్‌కు అసలు కరెంటు వాడకండి. పెట్టె ప్లగ్గు ఊడదీసి, వైరు చివర బోర్డు వెనకకు వెళ్లినట్టు దాచేయండి. ఎర్ర లైటు విడిగా ఇంకో క్లోజప్‌లో తీసుకోవచ్చు, అప్పుడు పాప గదిలో ఉండకూడదు. చిన్నపిల్లలతో షూటింగ్ అంటే వాళ్ల అమ్మ కెమెరా పక్కనే కూర్చుని ఉండాలి.

3. గదిలోకి మళ్లీ వెళ్లకండి

చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. బయట ట్యాంకర్, లోపల పెట్టె, బయట తల్లి, లోపల పెట్టె, ఇలా కట్ చేసుకుంటూ పోతారు. ప్రతిసారీ పెట్టె చల్లగానే కనిపిస్తుంటే, చూసేవాళ్లు ఇంకా ఏం కాలేదని ఊపిరి పీల్చుకుంటారు. చూపించకపోతే ఆ ఊపిరి దొరకదు.

స్టీవెన్ స్పీల్‌బర్గ్ 'జాస్' (1975) ఓపెనింగ్ చూడండి. రాత్రి సముద్రంలో ఈత కొడుతున్న అమ్మాయి చనిపోతుంది, కానీ సొరచేప ఒక్క ఫ్రేమ్‌లో కూడా కనిపించదు. కెమెరా నీళ్ల కింది నుంచి ఆమె కాళ్లను చూస్తుంది, తర్వాత నీటి మట్టానికి వచ్చి ఆమె ముఖాన్ని చూస్తుంది. ఆ నటిని తాళ్లు కట్టి అటూ ఇటూ లాగారు. మనం చూసేది ఆ లాగుడు మాత్రమే, చేపను మన బుర్రే గీసుకుంటుంది.

4. బయట ప్రతి షాట్‌లోనూ ఒక గుర్తు ఉంచండి

లోపలికి వెళ్లకపోతే కరెంటు వచ్చిందని ఎలా తెలుస్తుంది? తలుపు మీద ఒక బల్బు ఉంది. కరెంటు పోయినప్పుడు దాని స్విచ్ కూడా ఆన్‌లోనే ఉంది. ట్యాంకర్ దగ్గర తీసే ప్రతి షాట్‌లో, తల్లి వెనకాల దూరంగా ఎక్కడో, ఆ వెలగని బల్బు ఉండాలి. వెల్స్ కారును ఎలా వాడుకున్నాడో మనం బల్బును అలా వాడుకుంటాం.

మొదటి షాట్‌లో బల్బు ఫ్రేమ్ మధ్యలో ఉండి, తల్లి దానికి కాస్త పక్కగా ఉండాలి, లేకపోతే ఎవరూ గమనించరు. రెండో షాట్ నుంచి దాన్ని మూలకు జరపండి. క్యూ జరుగుతున్నకొద్దీ తల్లి ఇంటికి దూరమవుతుంది, బల్బు చిన్నదవుతుంది. మధ్యలో ఒకసారి పక్కింటావిడ తల అడ్డం వచ్చి బల్బు కనపడకుండా పోవాలి. చూసేవాళ్లు కుర్చీలో కొంచెం పక్కకు వంగుతారు. నిజంగానే వంగుతారు, నేను చూశాను.

ఈ షాట్లు మనిషి కంటి ఎత్తులో తీస్తే చాలు. కెమెరాను వంకరగా పట్టుకోవడం, నేల మీంచి తీయడం ఇక్కడ అక్కర్లేదు. సీన్ ఎంత మామూలుగా కనిపిస్తే లోపలి భయం అంత పెరుగుతుంది.

5. కట్ చేయాలా, ఒకే షాట్‌లో లాగాలా?

పైన చెప్పిన ట్యాంకర్ షాట్లను విడివిడిగా తీసి అతికించకుండా, అన్నిటినీ కలిపి ఒకే షాట్‌గా లాగమంటాను. కట్ పడిన ప్రతిచోటా ఎడిటర్ కాస్త సమయం మింగేశాడని చూసేవాళ్లకు లోలోపల తెలుసు. కట్ లేకపోతే తెర మీద నిమిషం అంటే నిజంగా నిమిషమే, తప్పించుకునే దారి లేదు. అయితే సింగిల్ టేక్ గొప్ప చూపించుకోవడానికి తీస్తే ఇట్టే తెలిసిపోతుంది. కెమెరా కదలడానికి కారణం ఉండాలి. మన సీన్‌లో కారణం క్యూ. తల్లి ఒక అడుగు వేస్తే కెమెరా ఒక అడుగు వేస్తుంది, ఆమె ఆగితే ఆగుతుంది.

గింబల్ (నడుస్తున్నా ఫోన్ ఊగకుండా పట్టి ఉంచే పరికరం) లేకపోతే ఫోన్‌ను రెండు చేతులతో పొట్ట దగ్గరకు పట్టుకుని, మోకాళ్లు కొంచెం వంచి నడవండి. ఐదారు రిహార్సల్స్ ఫోన్ లేకుండానే చేయండి. వెల్స్ బృందానికి కూడా ఆ షాట్‌తో ఒక రాత్రంతా గడిచిపోయి, తెల్లవారబోతుండగా పని పూర్తయింది.

కరెంటు గురించి ఇంకో మాట. మన దేశంలో సరఫరా 50 హెర్ట్జ్. ఫోన్‌లో 30 ఫ్రేములు పెట్టి తీస్తే కొన్ని లైట్లు తెర మీద రెపరెపలాడతాయి. మాన్యువల్ మోడ్ ఉంటే సెకనుకు 25 ఫ్రేములు, షట్టర్ 1/50 పెట్టుకోండి. ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫోన్ తీసుకునే వెలుతురు) లాక్ చేయండి (తెర మీద వేలు కాసేపు అదిమి ఉంచితే చాలా ఫోన్లలో లాక్ అవుతుంది). లాక్ చేయకపోతే చివర్లో బల్బు వెలగగానే ఫోన్ మొత్తం ఫ్రేమ్‌ను చీకటి చేసేస్తుంది, అసలు షాట్ పోతుంది. మీక్కావలసిన సంధ్య వెలుగు ఇరవై నిమిషాలకు మించి ఉండదు కాబట్టి ఆ షాట్‌కు వరసగా రెండు మూడు సాయంత్రాలు కేటాయించుకోండి.

6. రహస్యం ఎప్పుడు చెప్పాలి

మనం మొదట్లోనే చెప్పేశాం. మధ్యలో చెప్పే పద్ధతి కూడా ఉంది. క్వెంటిన్ టరాంటినో 'ఇన్‌గ్లోరియస్ బాస్టర్డ్స్' (2009) ఓపెనింగ్ 1941లో, నాజీల చేతిలో ఉన్న ఫ్రాన్స్‌లో జరుగుతుంది. పాడిరైతు ఇంటికి నాజీ అధికారి వస్తాడు, పాలు అడిగి తాగుతాడు, బల్ల దగ్గర కూర్చుని మర్యాదగా మాట్లాడతాడు. మాటల మధ్యలో కెమెరా వాళ్ల కాళ్ల పక్క నుంచి కిందికి దిగి, నేల పలకల అడుగుకు వెళ్తుంది. అక్కడ ఒక యూదు కుటుంబం నోటి మీద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉంది. కెమెరా మళ్లీ పైకి వచ్చాక అదే బల్ల, అదే మర్యాద, కానీ ప్రతి మాటా మనకు కత్తిలా వినపడుతుంది. మీ సీన్‌లో ఎక్కువ మాటలే ఉంటే ఈ పద్ధతి వాడుకోండి.

7. టైటిల్స్, సంగీతం

టెన్షన్ ఉన్న షాట్ మీద పేర్లు వేయకండి. 'టచ్ ఆఫ్ ఈవిల్' విడుదలైనప్పుడు ఆ షాట్ మీదే టైటిల్స్ పడ్డాయి, హెన్రీ మాన్సినీ సంగీతం మోగింది. వెల్స్ స్టూడియోకు రాసిన 58 పేజీల లేఖ ఆధారంగా 1998లో వాల్టర్ మర్చ్ సినిమాను మళ్లీ ఎడిట్ చేశాడు. అందులో పేర్లు తీసేసి, సంగీతం బదులు వీధి చప్పుళ్లు, కారు రేడియో పాటలు పెట్టాడు. రెండూ వరసగా చూడండి. మన సీన్‌కు కూడా బిందెలో నీళ్లు పడే శబ్దం చాలు, బిందె నిండుతున్నకొద్దీ ఆ శబ్దం దానంతటదే మారుతుంది.

8. చివరి షాట్

రఫ్ కట్ (షాట్లను వరసగా పేర్చిన తొలి ఎడిటింగ్) తయారయ్యాక కథ తెలియని ఒకరికి చూపించి, సగంలో ఆపి, "ఇప్పుడేం జరుగుతుందనుకుంటున్నావు?" అని అడగండి. ఇస్త్రీ పెట్టె మాట ఎత్తకపోతే మొదటి క్లోజప్ మళ్లీ తీయండి. బల్బు మాట ఎత్తకపోతే బయటి షాట్ మళ్లీ తీయండి.

ఇక ముగింపు. ఫ్రేమ్‌లో తల్లి ముఖం క్లోజప్‌లో ఉంది, వెనకాల మసకగా తలుపు. బల్బు వెలుగుతుంది. వీధిలో పిల్లలంతా ఒక్కసారిగా "కరెంటొచ్చింది!" అని అరుస్తారు. క్యూలో ఆడవాళ్లు నవ్వుతారు. తల్లి కూడా "అమ్మయ్య" అని నవ్వుతుంది. కెమెరా కదలకూడదు, సంగీతం రాకూడదు. ఆ నవ్వు ఆమె ముఖం మీద మెల్లగా ఆరిపోయేదాకా ఆగండి. ఆమె వెనక్కి తిరగకముందే కట్ చేసి, నల్లటి తెర మీద మీ సినిమా పేరు వేయండి.