ఫ్రిజ్‌లో ట్యులిప్ దుంప ముందే మొలకెత్తిందా?

బెంగళూరులో ట్యులిప్ పూయించాలని దుంపలు ఫ్రిజ్‌లో దాచుకున్నవాళ్లు ఒకసారి సంచి తెరిచి చూడండి. మన ఊరి చలి వాటికి చాలదు, 12 నుంచి 16 వారాల చల్లదనం ఫ్రిజ్‌లోనే ఇవ్వాలి. ఈలోపే కొనలో గోరంత పాలిపోయిన మొలక కనిపిస్తే టెన్షన్ పడకండి, తుంచకండి. ఆకులూ పువ్వూ అందులోంచే రావాలి. గడువు బాగా మిగిలి ఉంటే అలాగే ఉంచేయండి. ప్లాస్టిక్ కవర్లో చెమ్మ పట్టి ఉంటే మాత్రం కాగితం సంచిలోకి మార్చండి.

అసలు భయం పండ్లతోనే. ఆపిల్, సీతాఫలం లాంటివి మాగేటప్పుడు ఇథిలీన్ వాయువు వదులుతాయి. అది దుంప లోపలి పూమొగ్గను ఎండగొట్టేస్తుంది. నిరుడు నేను సీతాఫలాల పక్కనే పెట్టాను. దుంపలు గట్టిగానే ఉన్నాయి, ఆకులూ నిగనిగలాడుతూ వచ్చాయి, ఒక్క పువ్వు రాలేదు. ఎంత బాధేసిందో! ఈసారి పండ్లన్నీ బయటే.

12 వారాలు దాటాక మొలక సాగుతుంటే ఇక ఆపొద్దు. నీళ్లు నిలవని మట్టిలో నాటి, వారం పాటు చల్లటి నీడలో ఉంచండి. మొలక పచ్చబడ్డాక ఉదయపు ఎండలోకి జరపండి. డిసెంబర్ చివర్లో నాటేలా లెక్క వేసుకుంటే జనవరి చలి కలిసొస్తుంది.