ఆటగాడి పద్దు చదవడం

సికింద్రాబాద్ మారేడ్‌పల్లిలో ఉంటాను. ఉద్యోగమంతా లెక్కల విభాగంలోనే గడిచింది. రిటైరయ్యాక మనవడి పుణ్యమా అని కొత్త పద్దులు దొరికాయి: ఇంగ్లండ్ ఫుట్‌బాల్ లీగ్ కింది డివిజన్లలో ఆడినవాళ్ల రికార్డులు. వాడికి లివర్‌పూల్ కావాలి, నాకు గ్రిమ్స్‌బీ, రోచ్‌డేల్ లాంటి చిన్న క్లబ్బులు రుచించాయి. పెద్ద క్లబ్బు ఆటగాడి రికార్డు తరచూ మూడు నాలుగు వరుసల్లో ముగిసిపోతుంది. వీళ్లది తిరిగిన ఊళ్ల జాబితా.

ముందు ఏళ్లు, తర్వాత క్లబ్బు, ఆడిన మ్యాచులు, పక్కన బ్రాకెట్లో గోల్స్. ఈ బ్రాకెట్ దగ్గరే నేను బోల్తా పడ్డాను. మా పద్దుల్లో బ్రాకెట్లో అంకె ఉంటే తరుగు. ‘40 (12)’ అని ఉంటే నలభైలోంచి పన్నెండు తీసేసి 28 వేశాను. రెండు పేజీలు అలాగే నింపాక మనవడు చూశాడు. ఆ నవ్వు ఇప్పటికీ ఆపలేదు.

అరువు వరుసలు జాగ్రత్తగా చూడండి. క్లబ్బు తన దగ్గర ఆడే అవకాశం లేని కుర్రవాణ్ని కొన్ని నెలలు మరో క్లబ్బుకు పంపుతుంది. అందుకే ఆ ఏళ్లు సొంత క్లబ్బు ఏళ్లలోనే ఇమిడి ఉంటాయి. మ్యాచులు మాత్రం వేరు, విడిగా కూడాలి. ‘0 (0)’ ఉన్న వరుసను దాటేయకండి. సంతకం పెట్టాడు, లీగ్ మైదానంలోకి దిగలేదు. నాకైతే అన్నిటికంటే బరువైన వరుస అదే.

సీజన్ ఆగస్టు నుంచి మే దాకా. లీగ్‌లోని నాలుగు డివిజన్లలో కింది మూడిట్లో ఒక్కోదానిలో 24 క్లబ్బులు, ఒక్కో క్లబ్బుకు 46 మ్యాచులు. ఒకే క్లబ్బుకు ఒక్క సీజన్లో అంతకు మించి కనిపిస్తే కప్పు పోటీల్లాంటి వేరే మ్యాచులు కలిశాయని అర్థం. పేర్లు కూడా తికమక పెడతాయి. మూడో మెట్టు డివిజన్‌ను ఇప్పుడు లీగ్ వన్ అంటారు; అదే 2004కు ముందు సెకండ్ డివిజన్, 1992కు ముందు థర్డ్ డివిజన్. మెట్టు మాత్రం అదే.

మొత్తం దగ్గర ఏమేం కలిపారో అడగాలి. టోనీ ఫోర్డ్‌ను చూడండి. 1975లో గ్రిమ్స్‌బీలో మొదలుపెట్టి 2001లో రోచ్‌డేల్‌లో ఆపాడు. లీగ్ మ్యాచులు 931; గోల్‌కీపర్లను పక్కన పెడితే ఇంగ్లిష్ లీగ్‌లో అదే రికార్డు. కప్పులూ అవీ కలిపితే వెయ్యి దాటుతుంది. రెండు అంకెలూ నిజమే. మధ్యలో బారో అనే క్లబ్బుకు ఆడినవి మాత్రం ఆ 931లోకి రావు. ఆ రోజుల్లో బారో లీగ్ బయట, అంటే ఈ నాలుగు డివిజన్లకూ కింద ఉండేది.

చెయ్యి కుదిరాక మన ఊరివాళ్లవీ రాయవచ్చు. భారత ఫుట్‌బాల్ ఆటగాడు తులసీదాస్ బలరాం పుట్టిన అమ్ముగూడ మాకు దగ్గరే. కానీ నేను మా అన్నయ్యతో మొదలుపెట్టాను. క్లబ్బులు, ఏళ్లు ఫోటోల వెనక రాసి ఉన్నాయి కాబట్టి సిరాతో ఎక్కించాను. అంకెలు ఆయన నోటిమాట, అందుకని పెన్సిల్‌తో. మొదటిసారి అడిగితే బ్రాకెట్లో 7 వేయమన్నాడు, సంక్రాంతికి అది 11 అయింది. ఆయన గోల్‌కీపర్.